నొక్కాలనిపించే బటన్: తెలుగు వెబ్‌సైట్‌కు మాట నుంచి కోడ్ దాకా

గుంటూరు అరండల్‌పేటలో పచ్చళ్లు, కారప్పొడులు అమ్మే దుకాణం ఒకటి ఉందనుకుందాం. వెబ్‌సైట్ పెట్టారు. ఫొటోలు బాగున్నాయి, ఆవకాయ జాడీ చూస్తే నోరూరుతుంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. అయినా సైట్‌లో ఆర్డర్లు పడటం లేదు. ఫోన్లు మాత్రం వస్తున్నాయి: "అండీ, ఇందులో ఎలా కొనాలి?" అని. ఇలాంటి చోట లోపం చాలాసార్లు బటన్ దగ్గరే ఉంటుంది. అది బటన్‌లా కనిపించదు, లేదా దాని మీది మాట అర్థం కాదు, లేదా వేలికి అందదు. ఒక్కోసారి నొక్కాక ఏం జరిగిందో తెలియదు.

ఈ దుకాణాన్నే ఉదాహరణగా పెట్టుకుని, బటన్ మీది మాట దగ్గర మొదలుపెట్టి ఫోన్‌లో పరీక్షించేదాకా వరసగా చూద్దాం. పిక్సెల్ అన్నచోటల్లా సీఎస్ఎస్ పిక్సెల్ అనే అర్థం, అంటే పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్ కోడ్‌లో వాడే కొలత; తెర మీది అసలు చుక్క కాదు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు దాదాపు 360 పిక్సెళ్లు వస్తుంది. కొనేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు కాబట్టి లెక్కలన్నీ ఆ 360 మీదే వేసుకోవాలి. కంప్యూటర్ తెర సంగతి తర్వాత.

1. ముందు కాగితం మీద

డిజైన్ తెరవకముందే సైట్‌లోని ఒక్కో పేజీ పేరు రాసి, ఆ పేజీకి వచ్చిన మనిషి చేయాల్సిన ముఖ్యమైన పని ఏమిటో పక్కన ఒక్క వాక్యంలో రాయండి. ఆవకాయ పేజీ: జాడీ కార్ట్‌లో వేసుకోవాలి. కార్ట్ పేజీ: చిరునామా ఇవ్వాలి. చిరునామా పేజీ: డబ్బు చెల్లించాలి. ఒక పేజీకి రెండు ముఖ్యమైన పనులు రాయాల్సి వస్తే ఆ పేజీని విడగొట్టాలి, లేదా రెంటిలో ఏది ముందో మీరే తేల్చుకోవాలి. మీరు తేల్చకపోతే ఆ భారం కొనేవాళ్ల మీద పడుతుంది.

ఆ ముఖ్యమైన పనికి నిండు రంగు బటన్ ఒక్కటే. దాని తర్వాతి పనికి అంచు గీత మాత్రమే ఉన్న బటన్. మిగతావన్నీ కింద గీత ఉన్న అక్షరాలు, అంటే లింకులు. ఈ మూడు మెట్లు దాటి నాలుగోది తయారుచేయకండి. ఒకే తెర మీద నాలుగు నిండు రంగు బటన్లు ఉంటే విజయవాడ బీసెంట్ రోడ్డులో నాలుగు దుకాణాలవాళ్లు ఒకేసారి పిలిచినట్టు ఉంటుంది. ఎవరి మాటా చెవిన పడదు.

ఇంకో తేడా కూడా ఇక్కడే గుర్తించాలి. వేరే పేజీకి తీసుకెళ్లేది లింకు. ఏదైనా పని జరిపించేది బటన్. "డెలివరీ వివరాలు" లింకు, "కార్ట్‌లో వేయండి" బటన్. కోడ్ రాసేటప్పుడు ఈ తేడా చాలా అవసరం పడుతుంది.

2. బటన్ మీద మాట

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. రంగులు మార్చి మార్చి విసిగిపోయినవాళ్లు మాట మార్చి చూస్తే సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది.

ఒక సూత్రం: బటన్ మీది మాటను ఒంటరిగా, పేజీ చూపించకుండా చదివి వినిపించినా నొక్కితే ఏమవుతుందో తెలియాలి. "సబ్మిట్" ఈ పరీక్షలో నిలబడదు. "ఇక్కడ క్లిక్ చేయండి" కూడా అంతే. "ముందుకు" అంటే ఎక్కడికి? "చిరునామా ఇవ్వండి" అని రాస్తే ఆ ప్రశ్నే రాదు.

"సమర్పించు" అనే మాట తెలుగు సైట్లలో విపరీతంగా వాడుతున్నారు. ఇంగ్లిష్ ఫారాల నుంచి నిఘంటువు చూసి తెచ్చుకున్న మాట అది. మనవాళ్ల చెవికి సమర్పించడం అంటే గుళ్లో చీర, పూలు, ముడుపు. కారం ఆర్డర్‌కు "ఆర్డర్ పెట్టండి" చాలు. స్కూల్ ఫారానికి "దరఖాస్తు పంపండి".

డబ్బు దగ్గర మాటను ఇంకాస్త జాగ్రత్తగా ఎంచుకోవాలి. కరెంటు బిల్లు, ఫీజు, పన్ను అయితే "కట్టండి" అంటాం. దుకాణంలో "₹520 కట్టండి" అంటే కొంచెం దబాయించినట్టు వినిపిస్తుంది; "₹520 చెల్లించండి" బాగుంటుంది. అంకె తప్పనిసరిగా బటన్‌లోనే ఉండాలి. ఎంత పోతుందో చూసి నొక్కినవాళ్లు తర్వాత అనుమానపడి వెనక్కి వెళ్లరు. డెలివరీ ఖర్చు కలిపిన మొత్తమే అక్కడ చూపించాలి.

క్రియారూపం ఒక్కటే పెట్టుకోండి. ఒకచోట "చేయు", ఇంకోచోట "చేయి", మరోచోట "చేయండి" ఉంటే ముగ్గురు మనుషులు మూడు తీర్లలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన చదువుకునే పిల్లాడు వచ్చినా "చెప్పండి" అంటాడు. సైట్ కూడా అలాగే మాట్లాడాలి. "చేయండి", "చెయ్యండి" రెండూ సరైనవే గానీ ఒకటి ఎంచుకుని సైట్ అంతా అదే రాయండి.

తెలుగులో చాలా సైట్లు బోల్తాపడే చోటు ఒకటుంది: "రద్దు". ఆర్డర్ రద్దు చేయాలనుకున్న మనిషికి ఒక పెట్టె తెరుచుకుంటుంది: "ఆర్డర్ రద్దు చేయాలా?" కింద రెండు బటన్లు: "రద్దు", "సరే". ఇప్పుడు "రద్దు" నొక్కితే ఆర్డర్ రద్దవుతుందా, రద్దు చేయడం రద్దవుతుందా? రెండు అర్థాలూ వస్తాయి. అవును, కాదు అని పెట్టినా ప్రశ్న మళ్లీ చదివితే తప్ప తేలదు. పని పేరునే బటన్ మీద రాయండి: "ఆర్డర్ రద్దు చేయండి", "ఆర్డర్ ఉంచండి". ప్రశ్న చదవనివాళ్లు కూడా తప్పు నొక్కరు.

పొడవు రెండు నుంచి నాలుగు మాటలు. "కొనుగోలు చేయండి" కన్నా "కొనండి" పొట్టి, పైగా నోట్లో ఆడే మాట. ఇంగ్లిష్ మాటలంటే భయపడక్కర్లేదు: కార్ట్, ఆర్డర్, డెలివరీ అందరికీ తెలిసినవే. వాటిని తెలుగు అక్షరాల్లో రాయండి, బలవంతంగా అనువదించకండి. "బండిలో చేర్చు" అని రాసినా దాన్ని ఎవరూ కార్ట్ అనుకోరు.

3. తెలుగు అక్షరానికి కావాల్సిన చోటు

ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే మొదట దెబ్బతినేది బటనే. కారణం మన అక్షరం నిర్మాణంలో ఉంది. "కార్ట్" అనే మాటను దగ్గరగా చూడండి. రెండో అక్షరంలో రకారం మధ్యన, దాని కింద టవత్తు, పైన పొల్లు. అంటే ఒకే అక్షరం పైకీ కిందికీ కూడా పెరుగుతుంది. టెంప్లేట్‌లో బటన్ ఎత్తు 36 అని బిగించి, బయటికి వచ్చింది కత్తిరించమని రాసి ఉంటే టవత్తు అడుగు తెగిపోతుంది. "చెల్లించండి"లో లావత్తు సగం కనిపిస్తుంది. చదివేవాళ్లు ఎలాగో ఊహించుకుంటారు గానీ సైట్ మీద నమ్మకం తగ్గుతుంది.

అందుకని ఎత్తు బిగించకండి. కనీస ఎత్తు మాత్రమే చెప్పి, మిగతాది పాడింగ్‌కు, అంటే అక్షరానికీ బటన్ అంచుకూ మధ్య ఖాళీకి వదిలేయండి. పనికొచ్చే కొలతలు ఇవి: అక్షరం 18 పిక్సెళ్లు, లైన్-హైట్ (వరస ఎత్తు) అక్షరానికి 1.6 రెట్లు, పాడింగ్ పైన 12, కింద 12, పక్కలకు 20. లెక్క వేస్తే 18 × 1.6 = 28.8, దానికి 24 కలిపితే 52.8. వేలికి సరిపోతుంది, ఒత్తుకూ సరిపోతుంది. మాట రెండు వరసలకు వెళ్తే ఎత్తు దానంతటదే 81.6కు పెరుగుతుంది, ఏదీ తెగదు. కోడ్‌లో 18 పిక్సెళ్లని కాకుండా 1.125 రెమ్ (బ్రౌజర్ మామూలు అక్షరం సైజుకు ఇన్ని రెట్లు అని చెప్పే కొలత) అని రాయండి. బ్రౌజర్ సెట్టింగుల్లో అక్షరాలు పెద్దవి చేసుకున్న పెద్దవాళ్లకు అప్పుడు మీ బటన్ కూడా పెరుగుతుంది.

ఫాంట్ సంగతి. మండలి, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ వాటిలో ఒకే మందం ఉంది. మీరు సీఎస్ఎస్‌లో బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనే అక్షరాన్ని లావు చేసి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. అప్పుడు ఖ, ఘ, ఝ లాంటి అక్షరాల్లో సందులు పూడిపోయి మచ్చల్లా కనిపిస్తాయి. నోటో సాన్స్ తెలుగులో 100 నుంచి 900 దాకా అసలైన మందాలు ఉన్నాయి. బటన్‌కు 600 సరిగ్గా ఉంటుంది. రామభద్ర పుట్టుకతోనే లావు కాబట్టి దాన్ని బోల్డ్ అడగకుండా వాడుకోవచ్చు. ఫాంట్ ఏదైనా, మాట బటన్‌లో ఒక పిక్సెల్ పైకో కిందికో జరిగినట్టు అనిపిస్తే పై పాడింగ్‌నో కింది పాడింగ్‌నో 1 లేదా 2 మార్చి సరిచేయండి. ఆ మార్పు అన్ని బటన్లకూ ఒకేలా చేయాలి; ఒత్తు ఉన్న మాటకు ఒక కొలత, లేని మాటకు ఒక కొలత పెట్టుకుంటే ఎప్పటికీ తెమలదు.

ఇంగ్లిష్ టెంప్లేట్ నుంచి మూడు అలవాట్లు తీసేయాలి. మొదటిది, అన్నీ పెద్దక్షరాలు చేసే వరస. తెలుగులో పెద్ద, చిన్న అక్షరాలు లేవు కాబట్టి దాని వల్ల ఏ ఫలితమూ ఉండదు. నొక్కి చెప్పాలంటే మందం, రంగు, చోటు వాడాలి. రెండోది, అక్షరాల మధ్య ఎడం పెంచడం. తెలుగులో మాట చెదిరిపోయినట్టు ఉంటుంది, దాన్ని సున్నా చేయండి. మూడోది, ఒక్కో అక్షరం ఎగురుకుంటూ వచ్చే యానిమేషన్. ఆ స్క్రిప్ట్ మాటను ముక్కలు చేసేటప్పుడు "కొ"ను క, ఒత్వం అని విడదీస్తుంది. గుణింతపు గుర్తు ఒంటరిగా మిగిలి చుక్కల సున్నా మీద వేలాడుతుంది. మాటంతా ఒకేసారి కదిలించండి, లేదా అసలు కదిలించకండి.

చివరగా, కంటికి కనిపించని ఒక అక్షరం. "కార్ట్"కు "లో" చేరిస్తే మామూలుగా "కార్ట్లో" అయిపోతుంది. ఒకదాని కింద ఒకటి వత్తులు పేరుకుని చదవడం కష్టమవుతుంది. "వాట్సాప్లో", "డౌన్లోడ్" కూడా అలాగే. పొల్లు పొల్లుగానే నిలబడాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే ఈ కనిపించని అక్షరం పెట్టాలి. కొన్ని తెలుగు కీబోర్డుల్లో దీనికి ప్రత్యేకంగా ఒక మీట ఉంటుంది. హెచ్‌టీఎంఎల్‌లో, అంటే పేజీ రాసే కోడ్‌లో నేరుగా రాయాలంటే ‌ అని వేయండి. అప్పుడు "కార్ట్‌లో", "వాట్సాప్‌లో", "డౌన్‌లోడ్" అని విడివిడిగా వస్తుంది.

4. వేలికి అందే కొలత

అంతర్జాతీయ వెబ్ సౌలభ్య ప్రమాణాల్లో 2023 అక్టోబర్‌లో వచ్చిన 2.2 వెర్షన్, నొక్కే చోటు కనీసం 24 × 24 పిక్సెళ్లు ఉండాలంటుంది. అది అట్టడుగు హద్దు. అదే ప్రమాణంలోని పై మెట్టు 44 × 44 అడుగుతుంది. ఆపిల్ సూచన 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ సూచన 48. మీరు 48 పెట్టుకోండి. పెద్దల వేళ్లకు, చెమట పట్టిన వేళ్లకు, కదిలే సిటీ బస్సులో ఒంటిచేత్తో పట్టుకున్న ఫోన్‌కు 24 ఎటూ చాలదు.

కనిపించే గుర్తు చిన్నదైనా ఫరవాలేదు, నొక్కే చోటు పెద్దదిగా ఉండాలి. కార్ట్‌లో జాడీల సంఖ్య మార్చే ప్లస్, మైనస్ గుర్తులు 20 పిక్సెళ్లు ఉన్నా, చుట్టూ పాడింగ్ వేసి ఒక్కోదాన్ని 48 చేయండి. పక్కపక్క బటన్ల మధ్య 8 పిక్సెళ్ల ఖాళీ వదలండి. ప్లస్ పక్కనే "తీసేయండి" ఉంటే ఆ ఖాళీని 24కు పెంచండి. ఒక జాడీ ఎక్కువ కావాలనుకున్నవాళ్లకు ఉన్న జాడీ కూడా పోకూడదు.

రెండు బటన్లు పక్కపక్కన పెట్టే ముందు లెక్క చూడండి. 360లో అటూ ఇటూ 16 వదిలితే మిగిలేది 328. మధ్య ఖాళీ 8 పోతే ఒక్కో బటన్‌కు 160. పక్క పాడింగ్ 20 చొప్పున తీసేస్తే అక్షరాలకు 120. "కొనండి" హాయిగా పడుతుంది. "వాట్సాప్‌లో ఆర్డర్ చేయండి" పట్టదు. తెలుగులో రెండు బటన్లను ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి, పూర్తి వెడల్పుతో పెట్టడమే మేలు. ముఖ్యమైనది పైన. పట్టని మాటను మూడు చుక్కలతో కత్తిరించడం మాత్రం వద్దు. "ఆర్డర్ చే…" అని ఆగిపోయిన బటన్ ఎవరినీ పిలవదు. కంప్యూటర్ తెర మీద పూర్తి వెడల్పు అక్కర్లేదు, 280 దగ్గర ఆపేయండి.

5. రంగు

రంగు ఎంచుకునేటప్పుడు ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటాం. కొనేవాళ్లు మే నెల మధ్యాహ్నం విజయవాడ ఎండలో, ఫోన్ వెలుతురు సగం తగ్గించుకుని చూస్తారు. లేత బూడిద రంగు బటన్ మీద తెల్ల అక్షరాలు ఆ ఎండలో కనిపించవు.

కొలిచే పద్ధతి ఉంది: అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య వ్యత్యాస నిష్పత్తి. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలి. 24 పిక్సెళ్లు, లేదా బోల్డ్ అయితే దాదాపు 18.7 పిక్సెళ్లు దాటిన అక్షరాలకు 3:1 చాలు. ఉచితంగా లెక్కగట్టే సాధనాలు నెట్‌లో చాలా ఉన్నాయి; క్రోమ్ బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో రంగు గడి మీద నొక్కినా చూపిస్తుంది.

మనవాళ్లు ఎక్కువగా వాడే రంగులు కొన్ని ఇక్కడే లెక్కవేద్దాం. అంకెలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో ఉన్నాయి. అచ్చమైన ఎరుపు (255, 0, 0) మీద తెల్ల అక్షరాలు 4:1 దగ్గర ఆగిపోతాయి, కొద్దిలో తప్పుతాయి. ఎండుమిర్చి లాంటి ముదురు ఎరుపు (153, 0, 0) మీద అదే తెలుపు 8.9:1 వస్తుంది. పసుపు (255, 193, 7) మీద తెలుపు 1.6:1, అంటే కనిపించనట్టే. నలుపు వేస్తే 12.9:1. ముదురు ఆకుపచ్చ (0, 102, 0) మీద తెలుపు 7.2:1. వాట్సాప్ ఆకుపచ్చ (37, 211, 102) మీద తెల్ల అక్షరాలతో బటన్ చేసుకోవాలని అందరికీ ఉంటుంది, కానీ అది 2:1 కూడా రాదు. అక్కడ నల్ల అక్షరాలు పెడితే 10.6:1.

ఎరుపుతో ఒక చిక్కుంది. గుంటూరు మిర్చి అమ్మేవాళ్లకు ఎరుపు ఇష్టం, అది వాళ్ల సరుకు రంగు. కానీ ఫారంలో తప్పు చూపించడానికి, ఏదైనా తీసేయడానికి కూడా ఎరుపే వాడతాం. ముఖ్యమైన బటన్‌కు ముదురు ఎరుపు ఇచ్చేస్తే "తీసేయండి"కి ఎరుపు ఇవ్వకండి. దాన్ని నల్ల అక్షరాల లింకుగా, చెత్తబుట్ట గుర్తుతో పెట్టండి. తప్పు సందేశానికి ముందు ఒక గుర్తు, ఒక వాక్యం ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, మనం అనుకునేదానికన్నా ఎక్కువ. రంగొక్కటే సమాచారం మోయకూడదు.

ముఖ్యమైన బటన్ రంగును పేజీలో ఇంకెక్కడా అలంకారానికి వాడకండి. శీర్షికలు, ఆఫర్ పట్టీలు, అంచులు అన్నీ అదే ఎరుపైతే బటన్ ఆ ఎరుపులో కలిసిపోతుంది.

ఆకారం విషయంలో చెప్పాల్సింది తక్కువ. మూలలు 6 నుంచి 12 పిక్సెళ్ల మేర గుండ్రంగా ఉంచి, సైట్ అంతా అదే కొలత పెట్టండి. తెల్ల పేజీ మీద పసుపు లాంటి లేత రంగు బటన్ అయితే ముదురు అంచు గీత ఒకటి వేయండి.

6. నొక్కినప్పుడు, నొక్కాక

బటన్ బొమ్మ ఒకటే గీసి ఊరుకుంటే పని సగమే అయినట్టు. దానికి ఐదు స్థితులు ఉంటాయి: మామూలుగా ఉన్నప్పుడు, మౌస్ మీదికి వచ్చినప్పుడు, కీబోర్డుతో దాని మీదికి వచ్చినప్పుడు, నొక్కుతున్నప్పుడు, పని జరుగుతున్నప్పుడు.

మౌస్ స్థితికి రంగు కొంచెం ముదరడం చాలు. కానీ ఫోన్‌లో మౌస్ లేదు కాబట్టి నొక్కి వదిలాక ఆ ముదురు రంగు అంటుకుపోయినట్టు ఉండిపోతుంది. హోవర్ (మౌస్‌ను పైకి తెచ్చే వీలు) ఉన్న పరికరాలకే అది వర్తించేలా మీడియా క్వెరీలో, అంటే పరికరాన్ని బట్టి వర్తించే సీఎస్ఎస్ నియమంలో పెట్టండి. కీబోర్డు స్థితికి 3 పిక్సెళ్ల మందమైన గీత, బటన్ నుంచి 2 పిక్సెళ్ల దూరంలో. అందంగా లేదని ఈ గీతను (అవుట్‌లైన్) తీసేసే డిజైనర్లు ఉన్నారు. కీబోర్డుతో మాత్రమే పనిచేసే మనిషికి అది కళ్లకు గంతలు కట్టడమే.

వేలు తగలగానే సెకనులో పదో వంతు లోపల ఏదో ఒక మార్పు కనిపించాలి. అంతకన్నా ఆలస్యమైతే నొక్కలేదేమోనని మళ్లీ నొక్కుతారు. డబ్బు దగ్గర దీని ఫలితం ఊహించండి: విజయవాడ బస్టాండ్‌లో బస్సు కోసం నిలబడ్డ మనిషి "₹520 చెల్లించండి" నొక్కాడు, నెట్ నెమ్మదిగా ఉంది, తెర కదల్లేదు, మళ్లీ నొక్కాడు. రెండు ఆర్డర్లు, రెండుసార్లు డబ్బు.

దీన్ని రెండు చోట్ల ఆపాలి. బటన్‌లో: మొదటి నొక్కుకే మాట "ఆర్డర్ పంపుతున్నాం…" అని మారాలి, రెండో నొక్కు పనిచేయకూడదు, బటన్ వెడల్పు మాత్రం మారకూడదు. సర్వర్‌లో: చెల్లింపు పేజీ తెరిచినప్పుడే ఆర్డర్‌కు ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండోసారి వస్తే కొత్త ఆర్డర్ చేయకుండా పాతదాన్నే చూపించాలి. బటన్ ఆపడం ఒక్కటే చాలదు, ఎందుకంటే మనిషి పేజీని రీలోడ్ చేయొచ్చు. నెట్ పోయి జవాబు రాకపోతే బటన్‌ను అలా తిరుగుతూ వదిలేయకండి. ముందు ఆర్డర్ పడిందో లేదో సర్వర్‌ను అడిగి, అప్పుడు "ఆర్డర్ పడలేదు, మళ్లీ ప్రయత్నించండి" అని రాయండి.

ఫారం నిండేదాకా బటన్‌ను బూడిద రంగులో పనిచేయకుండా ఉంచే పద్ధతి వద్దు. పిన్‌కోడ్‌లో ఒక అంకె తక్కువైతే బటన్ ఎందుకు కదలడం లేదో ఎవరూ చెప్పరు. బటన్‌ను ఎప్పుడూ నొక్కనివ్వండి. నొక్కాక లోపం ఉన్న గడి దగ్గరికి తీసుకెళ్లి "పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉండాలి" అని చెప్పండి. సరుకు అయిపోతే మాత్రం బటన్ తీసేసి, "కొత్త ఆవకాయ వచ్చాక నాకు చెప్పండి" అని నంబర్ ఇచ్చే మార్గం పెట్టండి.

7. ఎక్కడ పెట్టాలి

జాడీ పేజీలో ఫొటో, పేరు, ధర, బటన్. ఈ నాలుగూ మొదటి తెరలోనే పడాలి. తయారీ విధానం, ఎన్నాళ్లు నిలవుంటుంది అన్నవి తర్వాత. వివరాలు పొడవుగా ఉంటే తెర అడుగున అతుక్కుని ఉండే పట్టీలో బటన్ పెట్టొచ్చు. బొటనవేలు తేలిగ్గా అందే చోటు అది. పట్టీ ఎత్తు 72 అయితే పేజీ అడుగున కూడా 72 ఖాళీ వదలాలి, లేకపోతే చివరి వరస ఎప్పటికీ పట్టీ కిందే దాగి ఉంటుంది. కొత్త ఫోన్లలో అడుగున వేలితో జరిపే గీత ఉంటుంది కాబట్టి సేఫ్ ఏరియా కొలతను (ఆ గీత కోసం ఫోన్ వదలమనే ఖాళీని) కూడా కలపండి.

కుడిమూల తేలుతూ ఉండే వాట్సాప్ గుండ్రం చాలా సైట్లలో "కార్ట్‌లో వేయండి" చివరను కప్పేస్తుంది. దాన్ని పట్టీకి 16 పిక్సెళ్ల పైకి జరపండి. చెల్లింపు పేజీలో దాన్ని పూర్తిగా తీసేయండి. వాట్సాప్ ఆర్డర్లే మీ ప్రధాన వ్యాపారమైతే దాన్ని మూలన వేలాడదీయకుండా అసలు బటన్‌గానే పెట్టి, నొక్కగానే "ఆవకాయ, 500 గ్రాములు, 2 జాడీలు" అని సందేశం ముందే రాసి ఉండేలా చేయండి. ఖాళీ చాట్ తెరుచుకుంటే ఏం రాయాలో తెలియక కొందరు వెనక్కి వెళ్లిపోతారు.

8. కోడ్‌లో జరిగే తప్పులు

డివ్‌కు, అంటే కోడ్‌లో ఉత్త పెట్టెకు రంగు వేసి క్లిక్ తగిలిస్తే కంటికి బటనే. కానీ ట్యాబ్ మీటతో దాని దగ్గరికి వెళ్లలేరు, ఎంటర్ కొడితే పనిచేయదు, చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని బటన్ అని చెప్పదు. అసలైన బటన్ ట్యాగ్ (<button>) వాడితే ఇవన్నీ ఊరికే వస్తాయి.

ఆ ట్యాగ్‌తో ఒక ఉచ్చు ఉంది. ఫారం లోపల టైప్ (type) చెప్పకుండా బటన్ పెడితే అది సబ్మిట్ బటన్, అంటే ఫారాన్ని పంపేసే బటన్ అవుతుంది. "పిన్‌కోడ్ సరిచూడండి" నొక్కితే చిరునామా నింపకుండానే ఫారం వెళ్లిపోవడానికి ఇదే కారణం. అలాంటివాటికి type="button" అని రాయాలి. ఫారంలో ఎంటర్ కొడితే పనిచేసేది కోడ్ వరసలో మొదట వచ్చే సబ్మిట్ బటన్. "కూపన్ తీసేయండి" ముందుంటే ఎంటర్ కొట్టిన ప్రతిసారీ కూపన్ పోతుంది.

పేజీ భాష తెలుగని కోడ్‌లోని ల్యాంగ్ (lang) గుణంలో చెప్పండి. అప్పుడే స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్లకు తెరను చదివి వినిపించే సాధనం) తెలుగు గొంతుతో చదువుతుంది. పది పచ్చళ్ల జాబితాలో పది "కార్ట్‌లో వేయండి" బటన్లు ఉంటే వినేవాళ్లకు ఏది దేనిదో తెలియదు. స్క్రీన్ రీడర్ చదివే పేరైన aria-label గుణంలో "ఆవకాయ, 500 గ్రాములు, కార్ట్‌లో వేయండి" అని ఇవ్వండి. కంటికి కనిపించే మాట ఆ లేబుల్‌లో యథాతథంగా ఉండాలి.

9. పిలవడానికీ మోసానికీ మధ్య గీత

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 13 రకాల మోసపు పద్ధతులను అందులో పేరుపెట్టి చెప్పింది. వాటిలో చాలావాటికి బటన్‌తో సంబంధం ఉంది. "ఇంకా 2 జాడీలే ఉన్నాయి" అని అబద్ధం రాయడం. అడగకుండా కార్ట్‌లో గోంగూర జాడీ ఒకటి చేర్చడం. "వద్దు, నాకు మంచి రుచి అక్కర్లేదు" అని వద్దన్నవాళ్లను చిన్నబుచ్చే మాటలు. చేరడం ఒక్క నొక్కులో, మానుకోవడం ఏడు పేజీల్లో. "వద్దు" అనే మాటను లేత బూడిదలో దాచిపెట్టడం.

పెద్ద సైట్లు చేస్తున్నాయి కదా అని వీటిని చూసి నేర్చుకోకండి. పచ్చడి వ్యాపారం మళ్లీ వచ్చే మనిషి మీద నిలబడుతుంది. "వద్దు" అనే బటన్‌కు కూడా 48 పిక్సెళ్ల ఎత్తు, 4.5:1 రంగు ఇవ్వండి.

10. పరీక్ష

సైట్ బయటికి వదిలే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. మీ కొత్త ఫోన్ వద్దు. ఇంట్లో పక్కన పడేసిన పాత ఆండ్రాయిడ్ తీయండి.

ఎండలోకి వెళ్లి వెలుతురు సగానికి తగ్గించి చూడండి, బటన్ మీది మాట చదవగలగాలి. ఫోన్‌ను చేయి చాచిన దూరంలో పట్టుకుని కళ్లు సగం మూయండి. పేజీ మసకబారినా ముఖ్యమైన బటన్ ఎక్కడుందో తెలియాలి. తెరను నలుపు తెలుపుల్లోకి మార్చి ముఖ్యమైనది ఏదో ఇంకా తెలుస్తోందా చూడండి. సెట్టింగుల్లో అక్షరాలు అన్నిటికన్నా పెద్దవి చేయండి, ఏదీ తెగకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. కంప్యూటర్‌లో మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్‌తోనే ఆవకాయ జాడీ ఒకటి కొనండి. ఆండ్రాయిడ్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఇంకోటి కొనండి. నెట్‌ను నెమ్మది చేసి చెల్లింపు బటన్‌ను ఐదుసార్లు గబగబా నొక్కండి, ఆర్డర్ ఒక్కటే పడాలి.

తర్వాత మనుషులు. ఐదుగురు చాలు, కానీ డిజైన్‌తో సంబంధం లేనివాళ్లు కావాలి: ఇంట్లో పెద్దావిడ, ఆటో నడిపే ఆయన, ఇంటర్ చదివే పిల్ల. ఫోన్ చేతికిచ్చి "రెండు ఆవకాయ జాడీలు మీ ఇంటికి తెప్పించుకోండి" అని మాత్రమే చెప్పండి. ఎక్కడ నొక్కాలో చెప్పకండి, వేలు చూపించకండి. ఒక్కో బటన్ దగ్గర ఆపి "ఇది నొక్కితే ఏమవుతుందనుకుంటున్నారు?" అని అడగండి. వాళ్లు చెప్పినదీ జరిగినదీ వేరైతే ఆ బటన్ మీది మాట మార్చండి. మారిస్తే ఏం రాయాలో కూడా చాలాసార్లు వాళ్ల జవాబులోనే ఉంటుంది. "ఇది నొక్కితే అడ్రస్ అడుగుద్దేమో" అన్నారంటే అక్కడ "అడ్రస్ ఇవ్వండి" అని రాయండి.

రోజుకు నలభై మంది వచ్చే సైట్‌లో ఎరుపు బటన్, ఆకుపచ్చ బటన్ సగం సగం మందికి చూపించి లెక్కలు తీయాలని చూడకండి. ఆ సంఖ్యలతో ఏదీ తేలదు. బటన్ నొక్కినవాళ్లెందరు, వాళ్లలో ఆర్డర్ పూర్తి చేసినవాళ్లెందరు అన్న రెండు అంకెలు వారానికోసారి రాసుకోండి. ఒక వారంలో ఒక్క మార్పే చేయండి. సైట్‌లో ఎలా కొనాలని అడిగే ఫోన్లు ఎన్ని వస్తున్నాయో కూడా ఆ పక్కనే రాయండి.